శాసనసభ వద్దన్నా విభజన ఎలా జరిగింది?

2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించిన బిల్లును పార్లమెంటు ఎలా ఆమోదించగలిగింది, అమెరికాలోనూ ఇలా చేయవచ్చా అని అడిగారు. చిక్కు ఒక్క మాట దగ్గరే ఉంది. మన రాజ్యాంగంలోని 3వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి బిల్లును శాసనసభకు పంపేది అభిప్రాయం కోసం, అంగీకారం కోసం కాదు. సభ కాదన్నా, గడువులోగా ఏమీ చెప్పకపోయినా, పార్లమెంటు సాధారణ మెజారిటీతో విభజించవచ్చు.

అమెరికాలో అలా కుదరదు. అక్కడ 13 రాష్ట్రాలు ముందే ఉన్నాయి. తమ అధికారాల్లో కొన్నింటిని వదులుకుని, 1787లో రాసుకున్న రాజ్యాంగం కిందికి అవే వచ్చాయి. అందుకే రాష్ట్ర శాసనసభ ఒప్పుకోనిదే దాన్ని చీల్చడానికి వీల్లేదు. 1863లో పశ్చిమ వర్జీనియా ఏర్పడింది అంతర్యుద్ధం నడుమ. అప్పుడు కూడా యూనియన్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) పక్షాన నిలిచిన వర్జీనియా ప్రభుత్వం సమ్మతి తీసుకున్నాకే ముందుకు వెళ్లారు. మన సమాఖ్య మాత్రం రాష్ట్రాల మధ్య ఒప్పందంతో పుట్టలేదని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే స్పష్టంగా చెప్పారు.

అలాగని మన రాష్ట్రాలు కేంద్రం చేతి కీలుబొమ్మలని అనుకోకండి. పోలీసు, వ్యవసాయం వంటివి రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్రాల అధికారాలను పంచే 7వ షెడ్యూలులోని ఈ జాబితాల్లో ఒక్క పద్దు మార్చాలన్నా ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మద్దతు) పాటు కనీసం సగం రాష్ట్రాల ఆమోదం కావాలి. రాష్ట్రాన్ని చీల్చడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. నాకైతే ఇది సరైన తూకంగా అనిపించదు.