సీజన్‌కో ఫైల్ పెట్టుకుంటే అటాచ్ ఎక్కడ ఇరుకున పెడుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: రైస్ మిల్లు బిల్లింగ్ ఎస్‌క్యూలైట్ (డేటా అంతా ఒకే ఫైల్‌లో దాచే డేటాబేస్) మీద నడుస్తోంది, వానాకాలానికో ఫైల్, యాసంగికో ఫైల్. పాత సీజన్లతో పోల్చే రిపోర్టు కోసం అన్నీ అటాచ్ చేస్తే, అంటే ఒకే కనెక్షన్‌లో కలిపి తెరిస్తే, ఒక్కోసారి లెక్క తేడా వస్తోంది, ఒక్కోసారి డీ డ్రైవ్‌లో బోలెడు చోటున్నా 'డిస్క్ ఫుల్' అంటోంది.

మిర్యాలగూడ మిల్లులకు నేను చేసేదీ ఇలాంటి పనే కాబట్టి ఈ రెండూ చూశాను.

లెక్క తేడా సంగతి. టేబుల్ పేరు ముందు డేటాబేస్ పేరు రాయకపోతే ఎస్‌క్యూలైట్ మొదట టెంప్‌లో (ఆ కనెక్షన్ ఉన్నంతసేపే ఉండే తాత్కాలిక టేబుళ్లలో) వెతుకుతుంది, తర్వాత మెయిన్‌లో (మొదట తెరిచిన ఫైల్‌లో), ఆ తర్వాత అటాచ్ చేసిన వరుసలో. అన్ని ఫైళ్లలోనూ 'కాంటా' అనే టేబుల్ ఉంటే, మొదట దొరికిందే చదువుతుంది, ఎర్రర్ ఏమీ ఇవ్వదు. రిపోర్టు కోసం అదే పేరుతో టెంప్ టేబుల్ చేసి వదిలేస్తే, ఆ కనెక్షన్ మూసేదాకా అసలు కాంటా కనిపించదు. ప్రతి చోటా పేరు పూర్తిగా రాయండి. ఇంకొకటి, అటాచ్‌లో ఫైల్ పేరు ఒక్క అక్షరం తప్పినా అది గొడవ చేయదు, కొత్తగా ఖాళీ డేటాబేస్ తెరిచి కూర్చుంటుంది. పాత సీజన్లను యూఆర్ఐ పద్ధతిలో (ఫైల్ పేరును వెబ్ అడ్రస్‌లా రాసి) మోడ్ ఆర్ఓ, అంటే చదవడానికి మాత్రమే, అని పెట్టి తెరిస్తే, ఫైల్ లేనప్పుడు లేదనే చెబుతుంది.

డిస్క్ ఫుల్ మాత్రం మీ డేటా ఫైళ్ల వల్ల కాకపోవచ్చు. ఇండెక్స్ లేని పెద్ద సార్టింగు, టెంప్ టేబుళ్లు, వాక్యూమ్ (ఫైల్‌లోని ఖాళీలు తీసేసి కుదించడం) చేసేటప్పుడు పుట్టే తాత్కాలిక కాపీ, ఇవన్నీ టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. విండోస్‌లో అది మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటుంది. మిల్లు ఆఫీసుల్లో ఉండే పాత సిస్టమ్‌లలో సీ ఎప్పుడూ నిండే ఉంటుంది, అది వేరే కథ. ప్రోగ్రాం మొదలయ్యే ముందు టెంప్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే టీఎంపీ వేరియబుల్‌ను డీ డ్రైవ్ ఫోల్డర్‌కు మార్చండి. లినక్స్ అయితే అదే పనికి ఎస్‌క్యూలైట్_టీఎంపీడీఐఆర్ అనే వేరియబుల్ ఉంది. ప్రాగ్మా (ఎస్‌క్యూలైట్ సెట్టింగులు మార్చే కమాండ్) టెంప్_స్టోర్ 2 పెడితే టెంప్ అంతా ర్యామ్‌లోకి పోతుంది, చిన్న రిపోర్టులకు బాగుంటుంది. కానీ తక్కువ ర్యామ్ ఉన్న మెషీన్ మీద పెద్ద రిపోర్టు వేస్తే టెన్షన్ తప్పదు. పైగా ఆ సెట్టింగు మధ్యలో మారిస్తే అప్పటిదాకా చేసిన టెంప్ టేబుళ్లన్నీ చెరిగిపోతాయి, కనెక్షన్ తెరవగానే పెట్టేయాలి.

మీరు అడగలేదు గానీ, నాకు ఎక్కువ భయం దీని గురించే. సీజన్ మారేటప్పుడు రైతుకు ఇవ్వాల్సిన బాకీని పాత ఫైల్‌లో ముగించి కొత్త ఫైల్‌లో తెరుస్తారు కదా. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే కట్టలో) పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు. జర్నల్ మోడ్ (మార్పులను ముందుగా రాసి పెట్టుకునే పద్ధతి) వాల్ అయితే, కమిట్ (మార్పులు ఖాయం చేయడం) మధ్యలో కరెంటు పోయినప్పుడు ఒక ఫైల్ మారి రెండోది మారకుండా ఉండిపోవచ్చు. ఒక్కో ఫైల్ దేనికది సరిగానే ఉంటుంది, రెంటికీ పొంతన ఉండదు. రైతుకు రావాల్సిన డబ్బు రెండు చోట్లా కనిపిస్తుంది, లేదా ఎక్కడా కనిపించదు. మెయిన్ ర్యామ్‌లో మాత్రమే ఉండే డేటాబేస్ కాకుండా, జర్నల్ డిలీట్ మోడ్‌లో ఉంటే ఎస్‌క్యూలైట్ అన్ని ఫైళ్లకూ కలిపి కాపలా కాస్తుంది. బాకీల బదిలీకి నేను అదే వాడతాను.

అసలు సీజన్‌కో ఫైల్ అవసరమా అనేది నా అనుమానం. మామూలుగా 10 ఫైళ్లకు మించి అటాచ్ కావు, ఏడాదికి రెండు సీజన్ల లెక్కన ఐదేళ్లకే గోడ తగులుతుంది. ఒక మిల్లు కాంటా ఎంట్రీలు ఎస్‌క్యూలైట్‌కు లెక్కలోవి కావు. ఒకే ఫైల్‌లో సీజన్ అని ఒక కాలమ్ పెట్టండి, దాని మీద ఇండెక్స్ వేయండి.

ఇప్పటికిప్పుడు మార్చలేకపోతే, మామూలు వ్యూ (పేరు పెట్టి దాచిన క్వెరీ) వేరే ఫైల్‌లోని టేబుల్‌ను చూడలేదు గనుక, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ అన్ని ఫైళ్ల వరుసలనూ ఒకదాని కింద ఒకటి పేర్చే యూనియన్ ఆల్‌తో ఒక టెంప్ వ్యూ కట్టుకుని రిపోర్టులన్నీ దాని మీదే నడపండి.