డాక్టర్ సలహా: కబడ్డీ రెఫరీని, గేనని ఎవరికీ తెలియదు; ఈ గుండె దడకు మందు ఉందా?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. ఒకప్పుడు కబడ్డీ ఆడేవాణ్ణి, మోకాలికి దెబ్బ తగిలాక పరీక్ష రాసి రెఫరీనయ్యాను. ఇప్పుడు ఫ్రాంచైజీ జట్ల లీగ్‌లకూ పిలుస్తున్నారు, అదే నా బతుకుతెరువు. నాకు మగవాళ్ల మీదే ఆకర్షణ అని పదో తరగతి నుంచీ తెలుసు, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జనం 'ఆడంగి' అని అరిస్తే, అది మామూలు తిట్టే అని తెలిసినా, నాకు తెలిసిపోయిందేమోనని గుండె దడదడలాడుతుంది, తర్వాతి రెయిడ్‌లో ఏం చూశానో నాకే అనుమానం వస్తుంది. టోర్నీల్లో ఇద్దరిద్దరికి ఒక గది ఇస్తారు, నిద్రలో ఏమైనా అంటానేమోనని పడుకోను. మందుల షాపులో అడిగి ఆటల రోజు దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్, రాత్రిళ్లు నిద్రకు ఆల్ప్రాజోలమ్ వేసుకుంటున్నాను. టోర్నీ అయ్యాక మద్యం తాగుతాను. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. అమ్మ మా మేనమామ కూతురితో పెళ్లి ఖాయం చేయాలని చూస్తోంది. లాడ్జిలో క్యాంపు పెట్టే ఒక సెక్సాలజిస్టు ఇంజెక్షన్ల కోర్సుతో మార్చేస్తానన్నాడు. ఆయన దగ్గరకు వెళ్లనా? పెళ్లి చేసుకుంటే సర్దుకుంటుందా? సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్తే కబడ్డీ సంఘానికి తెలుస్తుందా? ఒక్కోసారి నేను లేకపోతే అందరికీ హాయి అనిపిస్తుంది.

జవాబు: మీరు చివర్లో, ప్రశ్నగా కూడా కాకుండా రాసిన వాక్యానికే నేను ముందు జవాబు చెప్పాలి. 'నేను లేకపోతే' అన్న ఆలోచన వచ్చి పోయేదిగా ఉందా, లేక ఎలా, ఎప్పుడు అన్నంత వరకు వెళ్తోందా అన్నది మీకే తెలుసు. రెండోదైతే ఈ జవాబులో మిగతాది తర్వాత చదవండి, ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. టోర్నీకి వెళ్లిన ఊళ్లో, గదిలోంచి వరండాలోకి వచ్చి చేసినా సరిపోతుంది. మొదటిదే అయినా దాన్ని చిన్న విషయంగా నేను తీసుకోవడం లేదు, మీరూ తీసుకోవద్దు. మీరు కలవబోయే డాక్టరుకు అన్నిటికంటే ముందు ఈ మాటే చెప్పండి.

మగవాడికి మగవాడి మీద ఆకర్షణ కలగడం జబ్బు కాదు. అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసివేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసివేసింది, భారత సైకియాట్రిక్ సొసైటీ 2018లో అదే మాటను బహిరంగంగా ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పుతో, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరమూ కాకుండా పోయింది. కాబట్టి మీ ఆకర్షణకు మందు లేదు, అవసరమూ లేదు. చికిత్స అవసరమైనది మీ దడకు, నిద్రలేమికి, మీకు మీరే మొదలుపెట్టుకున్న మాత్రల అలవాటుకు.

ఈ దడ ఎక్కడి నుంచి వస్తోందో మీ ఉత్తరంలోనే ఉంది. ముప్పై సెకన్ల రెయిడ్‌లో రెయిడర్ కాలి వేళ్లు బోనస్ గీత దాటాయా, వెనక కాలు గాల్లోకి లేచిందా, డిఫెండర్‌ను తాకాడా, పెనుగులాటకు ముందే ఎవరైనా బరి పక్క పట్టీ అయిన లాబీలోకి అడుగు పెట్టారా అన్నవన్నీ మీరు ఒకేసారి చూడాలి. ఆ పనికి మనిషి దృష్టి మొత్తం కావాలి. మీరేమో అదే సమయంలో మీ నడకను, చేతి సైగను, గొంతును, ఆటగాడి వైపు చూపు ఎంతసేపు నిలిచిందన్నదాన్ని కూడా కాపలా కాస్తున్నారు. విశ్రాంతి వేళ కూడా ఆ కాపలా ఆగడం లేదు: తోటివాళ్ల జోకులకు నవ్వాలి, సంబంధాల గురించి అడిగితే కథ అల్లాలి, ఫోన్‌ను బోర్లా పెట్టాలి, నిద్రలో నోరు జారకూడదు. ఇలా ఏళ్ల తరబడి అప్రమత్తంగా ఉండే శరీరం ప్రమాదం లేనప్పుడు కూడా ప్రమాదంలో ఉన్నట్టే స్పందిస్తుంది, అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, కడుపులో మంట వస్తుంది, నిద్ర తేలికవుతుంది. సమాజం చిన్నచూపు చూసే వర్గాల మనుషుల్లో ఆ చూపు వల్లా, దాన్ని తప్పించుకునే ప్రయత్నం వల్లా పేరుకునే ఈ భారాన్ని మైనారిటీ స్ట్రెస్ అంటారు. మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది మీ ఆకర్షణ కాదు, దాన్ని దాచడానికి క్షణక్షణం పడుతున్న శ్రమ. ఈ తేడా మీ మనసులో స్థిరపడితే చికిత్స సగం సులువవుతుంది, ఎందుకంటే మొదటిది మారదు, రెండోదాన్ని తగ్గించుకోవచ్చు.

రెఫరీ వృత్తిలో ఇది మరింత కష్టం. ఆటగాడికి జట్టు ఉంటుంది, అభిమానులు ఉంటారు; రెఫరీ ఎవరి మనిషీ కాకూడదు. ఓడిన ప్రతి జట్టూ మీ నిర్ణయానికి వెనక కారణం వెతుకుతుంది గనుక, మీ గురించి తెలిస్తే ఆ కారణం దొరికిందంటారన్న మీ భయాన్ని నేను అర్థం లేనిదని కొట్టివేయలేను. సంక్రాంతికి ఊళ్లలో జరిగే పోటీల్లో బరి చుట్టూ నిలబడే జనం నోరు ఎలా ఉంటుందో ఈ జిల్లాల వాళ్లందరికీ తెలుసు. అయితే ఆ తిట్టు విజిల్ పట్టుకున్న ప్రతివాడి మీదా పడుతుంది. దాన్ని మీ రహస్యంతో ముడిపెడుతున్నది జనం కాదు, మీ భయం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సలో సరిగ్గా ఈ ముడినే నేర్పుగా, అభ్యాసంతో విప్పుతారు.

ఇక మాత్రలు. ప్రొప్రనొలాల్ ఇక ఒక్కటి కూడా వేసుకోకండి. అది గుండె వేగాన్ని తగ్గించే మాట నిజమే గానీ ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. ఉబ్బసం ఎన్నడైనా ఉన్నవాళ్లలో, ఆ జబ్బు ఏళ్ల క్రితమే తగ్గిపోయినా, ప్రాణాంతకమైన ఆయాసం తెచ్చే ప్రమాదం ఉంది. మందుల షాపులో ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది. ఆల్ప్రాజోలమ్ విషయంలో జాగ్రత్త ఇందుకు పూర్తిగా భిన్నం: రోజూ వేసుకుంటున్నట్టయితే దాన్ని ఒక్కసారిగా మానకూడదు, మానితే దడ, వణుకు రెట్టింపు కావడమే కాక ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాల పాటు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. దాని మత్తు మర్నాటి వరకు మిగిలితే మీ చూపు చురుకుదనం, నిర్ణయ వేగం మందగిస్తాయి. రెయిడ్‌లో ఏం చూశానో అన్న మీ అనుమానానికి అదీ ఒక కారణం కావచ్చు. ఆ మాత్ర వేసుకున్న రాత్రి మద్యం ముట్టవద్దు, రెండూ కలిస్తే శ్వాస మందగిస్తుంది.

దడ మొత్తాన్నీ మనసు మీదే నెట్టేయడం కూడా సరికాదు. ఒకసారి ఈసీజీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోండి, రక్తపోటు చూపించుకోండి. మన కోస్తా ఉక్కపోతలో గంటల తరబడి చెమటోడ్చి, నీళ్లకు బదులు టీలు తాగినా గుండె వేగం పెరుగుతుంది. ఇవన్నీ సరిగా ఉంటే ఆందోళనకు చికిత్స మొదలుపెడతారు. సాధారణంగా ఆందోళనకు, కుంగుబాటుకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు రాస్తారు. వాటి ప్రభావం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఆల్ప్రాజోలమ్ లాగా అలవాటు పడే మందులు కావు. వీటిలో కొన్నింటి వల్ల లైంగిక కోరిక తగ్గవచ్చు. అలా జరిగితే 'నేను మారుతున్నాను' అని పొరపడి పెళ్లికి ఒప్పుకోవద్దు; అది మందు దుష్ప్రభావం మాత్రమే, ఆకర్షణ ఎవరి వైపు అన్నది దానితో మారదు. డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు.

లాడ్జి సెక్సాలజిస్టు దగ్గరకు వెళ్లకండి. ఆ ఇంజెక్షన్లలో ఏముందో చెప్పరు. ఒకవేళ టెస్టోస్టిరాన్ అయినా దాని వల్ల ఆకర్షణ దిశ మారదు, బయటి నుంచి ఇచ్చే ఆ హార్మోన్ వల్ల వీర్యకణాలు తగ్గుతాయి, రక్తం చిక్కబడవచ్చు. గే వ్యక్తిని 'మారుస్తాం' అంటూ చేసే చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇది మంచి డాక్టరు, చెడ్డ డాక్టరు అన్న తేడాతో తేలే విషయం కాదు. ఏ డాక్టరూ చేయకూడని పని.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న మాట మన ఇళ్లలో తాగుడుకు, మతి చలించడానికి, దేనికైనా వినిపిస్తుంది, అది వేటికీ పనిచేయలేదు. మీ ఉత్తరంలో మీ అమ్మగారు ఉన్నారు, మేనమామ ఉన్నారు; ఆ అమ్మాయికి ఏమవుతుందన్న దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మీరు చెడ్డవారని నేను అనడం లేదు, భయంలో ఉన్న మనిషికి పక్కవారు కనిపించరు. కానీ భర్త తనను ఎందుకు దగ్గరకు తీసుకోడో తెలియక, లోపం తనలోనే ఉందనుకుని కుమిలిపోయే భార్యలు మా ఓపీకి వస్తారు, నిద్ర మాత్రలతో వెళ్తారు. మేనరికం గనుక అది తెగితే రెండు ఇళ్లూ తెగుతాయి. ఇప్పుడు 'చేసుకోను' అనడం వల్ల వచ్చే కోపం ఎంత పెద్దదైనా దానికంటే చిన్నదే. కారణం చెప్పాల్సిన బాధ్యత ఈ రోజే మీ మీద లేదు. 'నాకు పెళ్లి ఇష్టం లేదు, ఆ పిల్ల జీవితం పాడు చేయలేను, వేరే సంబంధం చూడమని మావయ్యకు చెప్పు' అని మీ అమ్మగారికి స్పష్టంగా, ముహూర్తాల మాట రాకముందే చెప్పండి. 'చూద్దాంలే' అన్న మాటను మన పెద్దవాళ్లు ఒప్పుకోలుగానే తీసుకుంటారు.

అయితే ఎవరికైనా చెప్పాలా? వేల్స్‌కు చెందిన రగ్బీ రెఫరీ నైజెల్ ఓవెన్స్ తన ఆకర్షణను అంగీకరించలేక 26 ఏళ్ల వయసులో ప్రాణం తీసుకోబోయి బతికారు. 2007లో తాను గేనని బహిరంగంగా చెప్పారు, 2015లో ప్రపంచ కప్ ఫైనల్‌కు రెఫరీగా నిలిచారు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ అంపైర్ డేల్ స్కాట్ దాదాపు మూడు దశాబ్దాల ఉద్యోగం తర్వాత 2014లో చెప్పారు, ఆ తర్వాతా అంపైరింగ్ చేశారు. మిమ్మల్ని వీళ్లలాగే చేయమని చెప్పడం లేదు, ఇది నిజాయితీకి, నిష్పక్షపాతానికి అడ్డు కాదని చూపడానికే ప్రస్తావించాను. మన దగ్గర ప్రైవేటు కొలువుల్లో గే వ్యక్తి పట్ల వివక్షను నేరుగా నిషేధించే ప్రత్యేక చట్టం లేదు, మీ కాంట్రాక్టు ఏటా మారుతుంది. కాబట్టి వృత్తిలో చెప్పకుండా ఉండటం పిరికితనం కాదు, మీ పరిస్థితికి తగిన జాగ్రత్త. కానీ ప్రపంచం మొత్తానికి చెప్పడానికీ, ఎవరికీ చెప్పకపోవడానికీ మధ్య చాలా చోటు ఉంది. నోరు జారని, మీ మీద అధికారం లేని ఒక్క మనిషికి తెలిసినా ఆ కాపలా భారం దిగుతుంది. ఆ మనిషి మొదట డాక్టరే కావచ్చు.

మీరు రాయలేదు గానీ అడగవలసిన బాధ్యత నాది: ఎవరితోనైనా కలయిక జరిగి ఉంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కోసం ఉన్న ఐసీటీసీ కేంద్రాల్లో ఆ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. కండోమ్ లేకుండా జరిగితే 72 గంటల లోపు వెళ్తే హెచ్‌ఐవీ సోకకుండా మందులు ఉన్నాయి. సందేహాలకు 1097కు ఫోన్ చేయవచ్చు.

సంఘానికి తెలుస్తుందా అంటే, డాక్టరు చెప్పడానికి వీల్లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడాన్ని మీ హక్కుగా గుర్తించింది. ఎవరికైనా ప్రాణాపాయం ఉండటం, కోర్టు ఉత్తర్వు వంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు. ఏ ఆకర్షణ ఉన్నవారికైనా వివక్ష లేకుండా చికిత్స అందాలని కూడా అదే చట్టం చెబుతోంది. పాలకొల్లులోనో భీమవరంలోనో తెలిసినవాళ్లు కంటపడతారనుకుంటే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికో, విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికో వెళ్లండి. వీడియో కాల్‌లో సంప్రదించడమూ చట్టబద్ధమే. అక్కడ ఎవరైనా 'పెళ్లి చేసుకో, అదే పోతుంది' అంటే వాదించకుండా లేచి మరో డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆల్ప్రాజోలమ్ ఎంత మోతాదు, ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారో, వారానికి ఎంత మద్యం తాగుతారో, ఉబ్బసం చివరిసారి ఎప్పుడు వచ్చిందో కాగితం మీద రాసుకుని, మిగిలిన మాత్రల షీట్లు కూడా పట్టుకెళ్లండి.

(సమాధానం: మానసిక వైద్య నిపుణులు, రాజమహేంద్రవరం. పాఠకుడిని గుర్తుపట్టే వివరాలు మార్చాం.)