సీజన్ కాని నెలల్లో ద్వీపంలో అద్దె ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి నిరుడు మానేశాను. పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఒక ఇల్లు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సీజన్ రేటులో సగానికే ఇస్తామంటున్నారు. నాలుగు నెలల అద్దె ఒకేసారి ముందే కట్టాలట. నా భార్యకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. సముద్రం ఒడ్డున కొన్నాళ్లు ప్రశాంతంగా ఉండాలని ఇద్దరికీ ఎప్పటినుంచో కోరిక. మీరు అండమాన్‌లో టీచర్‌గా పనిచేశారు కదా, వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అన్నగారూ, వెళ్లండి. అయితే నాలుగు నెలలకు కాదు, ముందు ఒక్క నెలకు మాట్లాడుకోండి. అద్దె మొత్తం ఒకేసారి మాత్రం కట్టకండి.

ఆ ఇల్లు సగం ధరకు ఎందుకు వస్తోందో ముందు చెప్తాను. వానాకాలంలో టూరిస్టులు రారు, అది అందరికీ తెలిసిందే. దాంతోపాటు ఇంకో సంగతి ఉంది. ఉప్పుగాలి తగిలేచోట నాలుగు నెలలు తాళం వేసి ఉంచిన ఇల్లు పాడైపోతుంది. గోడలకు బూజు పడుతుంది, తలుపులు ఉబ్బి మూతపడవు, ఫ్యాన్లు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్ వెనక గొట్టాలు అన్నీ తుప్పు పట్టిపోతాయి. రోజూ కిటికీలు తెరిచి, ఊడ్చి, ఫ్యాన్ తిప్పి, పైకప్పు కారుతుంటే వెంటనే ఫోన్ చేసి చెప్పే మనుషులు ఇంట్లో ఉండటం యజమానికి చాలా అవసరం. అంటే మీరు ఆ ఇంటిని కాపాడటానికి పోతున్నారు. సగం అద్దె ఆయన దయతో ఇచ్చేదేం కాదు. కాబట్టి నెల నెలా కడతామని చెప్పడానికి మొహమాటపడొద్దు. ఒక నెల అడ్వాన్సు ఇస్తే చాలు. ఒప్పుకోకపోతే వేరే ఇల్లు చూసుకోండి. ఆ నెలల్లో అక్కడ ఖాళీ ఇళ్లకు కొదవ ఉండదు.

ఇక వాన. మన నల్లగొండ వైపు ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అండమాన్‌లో సుమారు 3,000. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి. సెప్టెంబర్ దాకా అవి, తర్వాత ఈశాన్య రుతుపవనాలు. రోజంతా ఏకధాటిగా కురుస్తుందని కాదు. గంటసేపు కుండపోత, తర్వాత ఎండ, మళ్లీ మబ్బు. కానీ బట్టలు ఆరవు. తోలు చెప్పులు వారంలోనే తెల్లగా బూజు పడతాయి. కారప్పొడి, ఉప్పు గడ్డకడతాయి. అప్పడాలు మెత్తబడతాయి. మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు పట్టుకుపోండి. పట్టుచీరలు, తోలు బ్యాగులు ఇంట్లోనే వదిలేయండి.

ఇల్లు ద్వీపంలో ఏ వైపు ఉందో తప్పకుండా అడగండి. ఈ ప్రశ్న ఎవరూ అడగరు, కానీ జూన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పేరున్న రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంటుంది. నైరుతి గాలి నేరుగా దానికే కొడుతుంది. అలలు పెద్దవి, ఆ నెలల్లో నీళ్లలోకి దిగడం ప్రమాదం. విజయనగర్ బీచ్ తూర్పు ఒడ్డున ఉంది. అటువైపు గాలి ఉధృతి తక్కువ, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. మీరిద్దరూ పొద్దున్నే ఒడ్డున నడవాలనుకుంటే అటే చూసుకోండి. ఫొటోలో బీచ్ అందంగా ఉందని రాధానగర్ వైపు తీసుకోవద్దు, ఆ ఫొటో జనవరిలో తీసింది అయి ఉంటుంది. ఎటువైపు ఉన్నా, ఉప్పునీటి మొసళ్ల గురించి పెట్టిన బోర్డులు చదవకుండా నీళ్లలో కాలు పెట్టకండి.

నేను మునుగోడు వైపు పుట్టినదాన్ని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగాను. అందుకే ఏ ఊళ్లో ఇల్లు చూసినా మొదట నీళ్ల గురించే అడుగుతాను. అండమాన్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లకు ఇబ్బంది. వానాకాలంలో ఆ కరువు ఉండదు, అది మీకు మంచిదే. అయినా ట్యాంకు ఎప్పుడు కడిగించారు, తాగే నీళ్లు బావివా, పైపువా, వాన పడితే బురదగా వస్తాయా అని కనుక్కోండి. ఏ నీళ్లయినా మరగబెట్టే తాగండి.

ఇప్పుడు వదినగారి సంగతి. నాకు టెన్షన్ అంతా ఇక్కడే. స్వరాజ్ ద్వీప్‌లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. పెద్ద వైద్యం కావాలంటే జి.బి. పంత్ ఆసుపత్రికి, అంటే శ్రీ విజయపురానికి రావాలి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో పెట్టిన పేరు అది, జనం ఇంకా పాత పేరే వాడతారు. రెండింటి మధ్య సముద్రం ఉంది. ప్రైవేటు పడవలో గంటన్నర పైన, ప్రభుత్వ ఫెర్రీలో ఇంకా ఎక్కువ. సముద్రం పొంగితే ఏదీ కదలదు. 2016 డిసెంబర్‌లో, అదీ మంచి సీజన్‌లో, తుపాను వచ్చి వందల మంది టూరిస్టులు ఆ ద్వీపంలోనే చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అప్పటికి దాన్ని హేవ్‌లాక్ అనేవారు. జూన్, జూలైలలో ఒకటి రెండు రోజులు పడవలు ఆగడం అక్కడివాళ్లకు మామూలు విషయం. వాళ్లు దానికి తగ్గట్టు బతుకుతారు. మీరూ అలాగే సిద్ధపడాలి.

అందుకే ఇన్సులిన్, సూదులు, షుగర్ చూసుకునే పట్టీలు ఉండబోయే రోజులకు కావలసినదానికి రెట్టింపు తీసుకెళ్లండి. కరెంటు పోతే ఫ్రిజ్ ఆగుతుంది. జనరేటర్ ఉందా, ఉంటే ఎన్ని గంటలు నడుపుతారు, డీజిల్ ఖర్చు ఎవరిది అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఫ్రిజ్ లేనప్పుడు ఇన్సులిన్‌ను మట్టికుండలో చల్లగా ఎలా ఉంచుకోవాలో మీ డాక్టర్‌ను అడిగి ముందే నేర్చుకోండి. వదినగారికి ఈమధ్య షుగర్ బాగా పడిపోవడం, ఆసుపత్రిలో చేరడం లాంటివి జరిగి ఉంటే మాత్రం ద్వీపం వద్దు. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఇల్లు తీసుకుని ఉండండి. సముద్రం అక్కడా ఉంది. తెలుగువాళ్లూ చాలామంది ఉన్నారు, ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. తెలుగు మాధ్యమం బళ్లు కూడా ఉన్నాయి. ఒంట్లో బాగోలేని మనిషికి పక్కింట్లో తన భాషలో మాట్లాడేవాళ్లు ఉండటం ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

స్వరాజ్ ద్వీప్‌లో ఎక్కువగా వినిపించేది బెంగాలీ. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం అక్కడ భూములిచ్చింది. హిందీ అందరికీ వస్తుంది, మీకు వచ్చిన హిందీ సరిపోతుంది. మంచి మనుషులు. వానాకాలంలో టూరిస్టుల హడావుడి ఉండదు కాబట్టి నిలబడి మాట్లాడతారు, చేపల కూర గిన్నెలో పెట్టి పంపిస్తారు. సీజన్‌లో వెళ్లినవాళ్లకు ఈ పరిచయాలు దొరకవు. నన్నడిగితే వానాకాలంలో అక్కడ ఉండటానికి ఇదే పెద్ద కారణం.

అద్దె తగ్గినా తిండి ఖర్చు తగ్గదు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, పప్పులు చాలావరకు చెన్నై, కోల్‌కతా వైపు నుంచి ఓడల్లో రావాలి. ఓడ ఆలస్యమైతే ధర పెరుగుతుంది. కూరగాయలు పక్కనున్న షహీద్ ద్వీప్‌లో బాగా పండిస్తారు. ఇప్పటికీ దాన్ని నీల్ అనే అంటారు. స్వరాజ్ ద్వీప్ బజారు గోవింద్ నగర్‌లో ఉంటుంది, అక్కడివాళ్లు మూడో నంబరు అంటారు. ఇల్లు అక్కడికి నడిచేంత దూరంలో ఉంటే మంచిది, వానలో ఆటో కోసం నిలబడటం కష్టం. చింతపండు, ఎండుమిర్చి, జొన్నపిండి మీరే తీసుకెళ్లండి. జొన్నపిండి మాత్రం కొంచెమే, ఆ తేమకు తొందరగా పురుగు పడుతుంది.

చీకటి తొందరగా పడుతుంది. ఆ దీవులు మనకంటే చాలా తూర్పున ఉన్నా గడియారం మాత్రం ఒకటే. జూన్‌లో కూడా సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, పొద్దున ఐదింటికల్లా వెలుగు వచ్చేస్తుంది. తొందరగా పడుకుని తొందరగా లేచే అలవాటున్నవాళ్లకు బాగుంటుంది. పిల్లలతో వీడియో కాల్ మాట్లాడటానికి ఇబ్బంది మునుపటంత లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, స్వరాజ్ ద్వీప్‌కు కూడా దాని కనెక్షన్ ఉంది. అంతకుముందు ఒక ఫొటో పంపడానికి ఎంత అవస్థ పడేవాళ్లమో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు.

ఒప్పందంలో రెండు మాటలు తప్పక రాయించండి. ఒకటి, మీరు బయల్దేరే రోజున పడవలు ఆగిపోతే, ఆగినన్ని రోజులూ అదే అద్దె మీద ఇంట్లో ఉండనివ్వాలి. రెండోది, దసరా దగ్గరపడగానే ఎక్కువ ఇచ్చేవాళ్లు వచ్చారని మధ్యలో ఖాళీ చేయించకూడదు. దుర్గా పూజ సెలవులకు కోల్‌కతా నుంచి జనం బాగా వస్తారు, రేట్లు అప్పటి నుంచే పెరుగుతాయి. పర్యాటక శాఖ దగ్గర ఆ ఇల్లు నమోదై ఉందో లేదో కూడా అడగండి. తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల ముందే ద్వీపం వదిలి పోర్ట్ బ్లెయిర్ చేరుకోండి.

ప్రశ్న: అక్కా, మాది కొల్లాపూర్. సోమశిలలో మా అత్తగారి పాత ఇల్లు ఉంది. బాగుచేసి సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిస్తున్నాం. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు శని, ఆదివారాలు హైదరాబాద్ వాళ్లు వస్తారు. నీళ్లు తగ్గాక ఎవరూ రారు. ఖాళీగా పెట్టలేం, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, నీళ్లు తగ్గిన నెలల్లో నీళ్లు చూసే జనం కోసం ఎదురుచూడకు. శ్రీశైలం జలాశయం దిగిపోతేనే కదా సంగమేశ్వరం గుడి బయటపడేది. ఆ గుడి చూడాలని వచ్చే భక్తులు ఉంటారు, వాళ్లకు ముందురోజు రాత్రి పడుకోవడానికి శుభ్రమైన గది, తెల్లవారి స్నానానికి వేడినీళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లకు పండ్లు, పాలు కావాలి. వాళ్లకు బాల్కనీలో ఊయల అక్కర్లేదు. ఇంటి బోర్డు మీద, ఫోన్‌లో పెట్టే ఫొటోల్లో ఆ నెలల్లో గుడి కనపడేలా చూడు, లాంచీ కాదు.

ఇంకా మంచి దారి ఉంది. మీ కొల్లాపూర్ మామిడికి ఎంత పేరో నీకు చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తోటలు పట్టుకునే వ్యాపారులు వారాల తరబడి ఉంటారు. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనులు ఉన్నాయి కాబట్టి ఇంజనీర్లు, మెకానిక్కులు ఎప్పుడూ తిరుగుతుంటారు. సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనకు కూడా కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇలా పనిమీద వచ్చేవాళ్లకు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నెలల లెక్కన ఇచ్చేయి. రోజు అద్దెతో పోలిస్తే తక్కువే వస్తుంది. కానీ ఇల్లు ఊడ్చే మనిషి జీతం, కరెంటు బిల్లు వెళ్లిపోతాయి, ఇల్లు తెరిచి ఉంటుంది. జూలై మొదటికల్లా ఖాళీ చేయాలని కాగితం మీద రాసుకో, సున్నం వేయించడానికి నెల రోజులు కావాలి.

పడవ మాట్లాడిపెట్టమని అతిథులు నిన్నే అడుగుతారు. లైఫ్ జాకెట్లు ఇవ్వని పడవ ఎంత తెలిసినవాళ్లదైనా వాళ్లకు చూపించొద్దు.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఊరు దేవరకొండ. అండమాన్‌లో స్థలం కొని చిన్న ఇల్లు కట్టి అద్దెకివ్వాలని ఉంది. ఒక మధ్యవర్తి వెంటనే అడ్వాన్సు ఇవ్వమంటున్నాడు.
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఇవ్వొద్దు బాబూ. అక్కడి భూమి వ్యవహారం మన పట్టా పాసుపుస్తకం లాంటిది కాదు. 1966 నాటి భూమి రెగ్యులేషన్ ప్రకారం భూమి ప్రభుత్వానిది, సాగుచేసేవాళ్లకు, ఇల్లు కట్టుకున్నవాళ్లకు హక్కులు మాత్రమే ఉంటాయి. వాటిని చేతులు మార్చాలంటే అధికారుల అనుమతి కావాలి, బయటివాళ్ల విషయంలో మరీ గట్టిగా చూస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో భూమి కేసులు చూసే వకీలుకు ఫీజు ఇచ్చి, రెవెన్యూ ఆఫీసులో ఆ సర్వే నంబరు ఎవరి పేరున, ఏ హక్కు కింద ఉందో తీయించు. ఆ కాగితం నీ చేతికి వచ్చేదాకా మధ్యవర్తికి ఒక్క రూపాయి పంపకు.