సిలిండరు ఉంది, రీఫిల్‌కి డబ్బుల్లేవు: అప్పు చేసి గోబర్ గ్యాస్ పెట్టాలా?

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం. మా ఆయన తాపీ మేస్త్రీ, నెలకు రూ.18,000 దాకా వస్తాయి. ఉజ్వల గ్యాస్ ఉన్నా టీకి, చుట్టాలొచ్చినప్పుడే వాడతాం. వంటంతా కట్టెల పొయ్యి మీదే. అత్తయ్యకు దగ్గు తగ్గట్లేదు, పొగ మానమని డాక్టరు చెప్పారు. గేదె ఒకటి ఉంది. వారం కిస్తీల మీద, నూటికి రెండు రూపాయల వడ్డీకి రూ.50,000 ఇస్తామంటున్నారు. గోబర్ గ్యాస్, ఇండక్షన్ స్టవ్ పెట్టుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. సంతకం ఇంకా పెట్టకపోతే పెట్టకండి.

ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను కాబట్టే కొంచెం గట్టిగా చెబుతున్నాను. పాత చీరతో కుట్టిన కవరు తొడుక్కుని, పసుపు కుంకుమ బొట్లతో సిలిండరు ఓ మూల కూర్చుని ఉంటుంది. అవతలి గోడ మసిబారుతూనే ఉంటుంది. ఆ వంటింట్లోకి ఇంకో రెండు పొయ్యిలు తెచ్చినా ఆ గోడ తెల్లబడదు. గ్యాసు అయిపోయిన రోజున చేతిలో తొమ్మిది వందలు లేకపోవడమే అసలు జబ్బు.

రీఫిల్ రూ.900, ఏడాదికి ఎనిమిది సిలిండర్లు అనుకుందాం. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద మూడు ఉచితం. మిగతా ఐదింటికి రూ.4,500. ఉజ్వల రాయితీ ఒక్కోదానికి రూ.300 తిరిగొస్తే మీ మీద పడేది రూ.3,000. రోజుకు ఎనిమిది, తొమ్మిది రూపాయలన్నమాట. ఇక మీరడిగిన అప్పు. యాభై వేలకు ఏడాది వడ్డీ పన్నెండు వేలు, మొత్తం రూ.62,000, వారానికి దాదాపు రూ.1,200. ఒక్క వారం కిస్తీతో సిలిండరొచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది! పైగా అసలు తీరుతూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి యాభై వేల మీదే వేస్తారు. అందుకే పైకి 24 శాతంలా కనిపించేది నిజానికి 40 శాతం దాటుతుంది. వానలకు పని ఆగితే కిస్తీ ఆగుతుందా? మీతోపాటు అప్పు తీసుకున్న గ్రూపువాళ్లే వచ్చి గుమ్మం ముందు కూర్చుంటారు.

ఒక్క గేదెతో గోబర్ గ్యాస్ మాట మరిచిపోండి. ఘనమీటరు ప్లాంటుకే రోజుకు పాతిక కిలోల పేడ కావాలి. ఇండక్షన్ స్టవ్ మంచిదే, డబ్బు కూడాక కొనండి.

ఉచిత సిలిండరైనా గుమ్మం దగ్గర ఉచితం కాదు. ముందు మీరు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే డబ్బు చేతిలో లేకే జనం మళ్లీ సర్కారు తుమ్మ కంప కొట్టుకొస్తారు. కాబట్టి గ్యాసుకని ఒక డబ్బా పెట్టండి. రోజుకు ఇరవై వేస్తే మూడు నెలల్లో రూ.1,800, రెండు రీఫిల్‌ల డబ్బు. ఖాతాలో పడిన రాయితీని ఆ రోజే తీసి డబ్బాలో వేయాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ఆ మూడొందలు ఫోన్ రీఛార్జికో, పిల్లల చిరుతిళ్లకో కరిగిపోతాయి, మళ్లీ సిలిండరు నాటికి డబ్బా ఖాళీ.

డబ్బా నిండాక కూడా ఆ ఇరవై ఆపకండి, పని బాగా దొరికిన నెలల్లో ఇంకాస్త కలిపి పోస్టాఫీసు ఆర్‌డీలోకి, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాలోకి, మళ్లించండి. కూలి రాబడి ఉన్న ఇంటికి మూడు నెలల ఖర్చు, మీకైతే నలభై వేలకు తగ్గకుండా, విడిగా ఉండాలి. ఎవరేమడిగినా ఇదే పాట పాడతానని మా ఇంట్లో నన్ను వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. ఆ డబ్బే ఉంటే మీరు వారం కిస్తీవాళ్ల దాకా వెళ్లేవాళ్లే కాదు. గోడలెక్కి పనిచేసే మనిషికి ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) లేకపోతే రేపే బ్యాంకుకు వెళ్లండి.

కట్టెల పొయ్యిని పూర్తిగా పడగొట్టమనను, ఒక్కరోజులో అది కుదరదు. ముందు అన్నం, పప్పు కుక్కర్‌లో గ్యాసు మీదికి మార్చండి. స్నానాల నీళ్ల పొయ్యిని పెరట్లోకి తీసుకెళ్లండి. దాని ముందు ఊదుగొట్టంతో అత్తయ్యను మాత్రం కూర్చోబెట్టకండి.