నాన్న బండి కోసం ఇంటి బండి ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఉద్యోగం వల్ల తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటున్నాం. నా వయసు 42. 2016లో కొన్న పోలో జీటీ కారు ఉంది, అప్పు తీరిపోయింది. మా నాయన చిత్తూరులో బెల్లం వ్యాపారం చేసేవారు. 2003లో నీలం రంగు ఫియట్ పాలియో 1.6 కొన్నారు. 2011లో చెల్లెలి పెళ్ళి ఖర్చులకు దాన్ని అమ్మేశారు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు వేలూరులో అచ్చం అలాంటి బండే, అదే రంగుది కనిపించింది. నా పోలో తీసుకుని, పాలియోతో పాటు 3 లక్షలు ఇస్తానని దాని యజమాని అంటున్నాడు. 10,000 అడ్వాన్సు ఇచ్చాను. ఆ సంగతి మా ఆవిడ నా ఫోనులో మెసేజ్ చూసి తెలుసుకుంది. పది రోజులుగా సరిగా మాట్లాడటం లేదు. 'మీకు బండి పిచ్చి పట్టింది' అంటోంది. ఇది పిచ్చి కాదని ఆమెకు ఎలా చెప్పాలి?

జవాబు: ముందుగా ఒక మాట. మీది పిచ్చి కాదు. మూడు పేజీల మీ ఉత్తరంలో నన్ను కదిలించిన చోటు ఒకటుంది. మండీ నుంచి వచ్చినప్పుడల్లా మీ నాన్నగారి చేతులకు బెల్లం జిగురు అంటుకుని ఉండేదనీ, బండి దిగే ముందు భుజం మీది తుండుగుడ్డతో ఆయన స్టీరింగును మొత్తం తుడిచేవారనీ రాశారు. వేలూరులో ఆ బండి ఎక్కి తలుపు వేయగానే వచ్చిన బరువైన చప్పుడుకు ఏడుపు ఆగలేదన్నారు. తండ్రి పోయిన రెండేళ్ళకు కొడుకు ఇలా ఏడవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆయన పోయినప్పుడు కర్మకాండల పనుల్లో పడి ఏడవలేదని మీరే రాశారు. ఆ ఏడుపు ఇప్పుడు వచ్చింది. రానివ్వండి.

అయితే ఆ మూడు పేజీల్లో రెండు పేజీలు బండి గురించే ఉన్నాయి. పాలియో ఇంజను 100 గుర్రాల శక్తి, పోలోది 105, కాబట్టి పెద్దగా నష్టం లేదని లెక్క వేశారు. 2001లో సచిన్ పాలియోకు ప్రచారం చేసిన రోజుల నుంచి మీకున్న ఇష్టం చెప్పారు. ఈ రోజుల్లో అంత గట్టి రేకు ఎవరూ వేయడం లేదన్నారు. మీ ఆవిడ గురించి మాత్రం చివర్లో, సంతకానికి ముందు, మూడే మూడు వాక్యాలు ఉన్నాయి. ఆవిడ చంద్రగిరిలో స్కూలుకు ఈ పోలోలోనే వెళుతుంది. 37వ ఏట ఈ బండి మీదే డ్రైవింగు నేర్చుకుంది. పోయిన ఏడాది మీరు బెంగళూరులో ఉండగా పాపకు జ్వరం ముదిరితే, రాత్రి రెండు గంటలకు ఒక్కతే రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

మీ ప్రశ్నకు జవాబు ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. మీ పోలో ఆటోమేటిక్. దానికి కాలితో తొక్కే క్లచ్ ఉండదు. పాలియో 1.6కు క్లచ్, అయిదు గేర్లు ఉంటాయి. లీలామహల్ సర్కిల్ రద్దీలో అడుగడుగునా క్లచ్ తొక్కుతూ గేర్లు మార్చడం మీకు సరదా కావచ్చు. క్లచ్ భయంతోనే అన్నేళ్ళు డ్రైవింగుకు దూరంగా ఉన్న మనిషికి అది సరదా కాదు. పాలియో మీ వాకిట్లోకి వచ్చిన రోజున ఆవిడ చేతిలోంచి తాళం జారిపోతుంది. మళ్ళీ ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం, లేదా మీకు తీరిక ఎప్పుడు దొరుకుతుందా అని చూడటం మొదలవుతుంది. ఆవిడ ఈ మాట నోరు విప్పి అనకపోవచ్చు. 'పిచ్చి' అన్న మాట కింద ఉన్నది ఇదేనని నా నమ్మకం. పైగా ఆ అడ్వాన్సు సంగతి భర్త నోట వినవలసింది పోయి బ్యాంకు మెసేజ్‌లో చదవవలసి వచ్చింది. పది రోజుల మౌనం నాకు ఎక్కువగా అనిపించలేదు.

మీ నాన్నగారు బండిని ఎందుకు అమ్మారో మీరే రాశారు. కూతురి పెళ్ళి కోసం, ఇంటి అవసరం కోసం, తనకు అంత ఇష్టమైన దాన్ని వదులుకున్నారు. ఆయన జ్ఞాపకం కోసం మీరు ఇంటికి అవసరమైన బండిని వదులుకోవాలనుకుంటున్నారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారి చూడండి.

ఇక ఈ మార్పిడిలోని ఇబ్బందులు. ఇవి మీ మనసుకు ఇప్పుడు కనిపించవు కాబట్టి గట్టిగానే చెబుతాను. ఆ బండి తమిళనాడు రిజిస్ట్రేషన్‌ది. వేలూరు ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ మార్పించాలి. ఇరవై ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. పదిహేనేళ్ళు దాటాక అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్ష, ఆ రెన్యువల్ తప్పవు. ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసి చాలా ఏళ్ళయింది. విడిభాగాల కోసం కోయంబత్తూరుకో ముంబైకో ఫోన్లు చేస్తూ, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇంట్లో వాళ్ళకు సర్దిచెబుతూ గడపాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇరవై ఏళ్ళ కిందటి రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికోసం చేసినవి కావు. వాటిని మార్పించకుండా తిప్పడం మంచిది కాదు. ఇంజనులోని టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమని యజమానిని అడిగారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

మీ అత్తగారి ఊరు పీలేరు. అంటే నెలకు రెండుసార్లయినా భాకరాపేట ఘాట్ దాటాలి. ఆ మలుపుల్లో ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఈ జిల్లాల వాళ్ళకు నేను చెప్పనవసరం లేదు. మీ పోలోకు ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. వెనక సీటులో పాపను కూర్చోబెట్టుకుని రాత్రిపూట ఆ ఘాట్ దిగేటప్పుడు ఏ బండిలో ఉండాలని మీ ఆవిడ కోరుకుంటుందో ఊహించండి. తిరుమల కొండకు వెళ్ళాలన్నా అంతే, అలిపిరి టోల్‌గేటు దగ్గర పాత వాహనాలకు ఉన్న నిబంధనలను అడ్వాన్సు ఇచ్చే ముందే కనుక్కోవలసింది.

ఇంకొకటి. తాళాలు మార్చుకుని చేతులు కలిపితే పని అయిపోయిందనుకోవద్దు. పోలో కాగితాల మీద మీ పేరు ఉన్నంత కాలం, వేలూరులో అది ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎప్పుడు ఏ బండి అమ్మినా ఈ సంగతి మరవకండి.

అందువల్ల నా సలహా సూటిగా చెబుతున్నాను. ఈ మార్పిడి వద్దు. వేలూరు ఆయనకు ఫోను చేసి పోలో ఇవ్వడం కుదరదని చెప్పండి. అడ్వాన్సు తిరిగి ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే పోనీయండి. ఆ ఫోను మీ ఆవిడ ఎదుటే చేయండి. ఆ తర్వాత, బండి ప్రస్తావన లేకుండా, ఆవిడకు చెప్పకుండా డబ్బు ఇవ్వడం తప్పని ఒప్పుకోండి. 'కానీ' అనే మాట ఆ పూటకు వాడకండి.

పాలియో మీద ఆశ చంపుకోమని మాత్రం అనను. మార్పిడిగా కాకుండా, రెండో బండిగా, ఒకటి రెండేళ్ళు దాచుకున్న డబ్బుతో కొనుక్కోవచ్చు. దాన్ని నిలపడానికి బైరాగిపట్టెడ సందులో చోటు దొరకదు కాబట్టి చిత్తూరు ఇంటి వాకిట్లో చోటు ఉందో లేదో అమ్మగారిని అడగండి. కొనేది తప్పనిసరిగా ఈ వేలూరు బండే కానక్కరలేదు. మీ నాన్నగారి బండి నెంబరు మీకు ఇప్పటికీ కంఠతా వచ్చునని రాశారు. ఏపీ 03తో మొదలయ్యే ఆ నెంబరును రవాణా శాఖ ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. చెల్లుబాటులో ఉంటే మదనపల్లెలోనో పలమనేరులోనో ఎవరింటి ముందో ఈ రోజుకీ నిలబడి ఉండవచ్చు. మెకానిక్కులను, బెల్లం మండీలోని పాత మిత్రులను అడుగుతూ పోతే ఆచూకీ దొరికినా దొరకవచ్చు. వేలూరు బండి స్టీరింగును మీ నాన్నగారు ఎన్నడూ తుడవలేదు. ఈ మాట మీకు బాధ కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను.

అప్పటివరకు ఒక ఆదివారం వీలు చేసుకోండి. ఆ యజమాని ఒప్పుకుంటే, కొనే ఉద్దేశం లేదని ముందే చెప్పి, ఒక్కసారి ఆ బండి చూడటానికి అందరూ వెళ్ళండి. దారిలో చిత్తూరులో అమ్మగారిని ఎక్కించుకోండి. ఆవిడ ఆ సీటులో కూర్చుని ఆయన గురించి ఏం చెబుతారో మీ శ్రీమతి, పాప కూడా వినాలి. తిరుపతి నుంచి వేలూరు దాకా పోలోను మీ ఆవిడే నడపాలి, మీరు పక్క సీట్లో కూర్చోండి.