టెక్ సందేహాలు: రోజంతా తిరిగేవారికి ఏ కృత్రిమ మోకాలు మన్నుతుంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ప్రమాదం తర్వాత కుడి కాలు మోకాలి పైవరకు తీసేశారు. బరువు 92 కిలోలు. పనిలో రోజంతా మెట్లు ఎక్కి దిగాలి, సెలవు దొరికితే బ్యాగు తగిలించుకుని కొండలెక్కుతాను. ఇప్పుడు వాడుతున్న నాలుగు కడ్డీల మోకాలు రెండేళ్లు తిరక్కుండానే లూజైంది, నడుస్తుంటే టక్ టక్ మంటోంది. మైక్రోప్రాసెసర్ (చిప్ ఉన్న) మోకాలు తీసుకుంటే ఎక్కువ కాలం వస్తుందా, గట్టి మెకానికల్‌దే మేలా?

జవాబు: కొత్తది కొనేముందు ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోండి. కాలు ముందుకు ఊగి పూర్తిగా చాచుకున్న క్షణంలోనే టక్కుమంటే, ఆ దెబ్బను ఆపే రబ్బరు బంపర్ అరిగిందని అనుకోవచ్చు. కూర్చుని తొడ భాగాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిక్క భాగాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. కీళ్ల దగ్గర వదులు కనిపిస్తే బుష్‌లు (కీళ్లలో ఉండే రింగులు) అరిగాయి. నాలుగు కడ్డీల మోకాలిలో తిరిగే కీళ్లు ఎక్కువ కాబట్టి, రోజంతా తిరిగేవారికి ముందుగా అరిగేవి అవే. బరువు మోపినప్పుడు మాత్రమే చప్పుడు వస్తుంటే మోకాలికి పైనా కిందా భాగాలను కలిపే అడాప్టర్ల స్క్రూలు వదులై ఉండొచ్చు, లోపం పాదంలోనూ ఉండొచ్చు. ఆ స్క్రూలను మాత్రం మీరు బిగించొద్దు. కాలు ఏ కోణంలో నిలబడాలో నిర్ణయించేవి అవే. ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ కాళ్లు అమర్చే నిపుణుడు) వాటిని టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారం బిగిస్తారు. చాలా మోడళ్లలో బంపర్లు, బుష్‌లు విడిగా మార్చుకోవచ్చు. సాకెట్ (మిగిలిన కాలు దూరే తొడుగు) వదులైనా మోకాలే పాడైందనిపిస్తుంది, అదీ చూపించండి.

ఇక మన్నిక. కృత్రిమ కాళ్ల బలాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10328. ఇందులో భాగాలకు 30 లక్షల సార్లు బరువు మోపి, తీసి చూస్తారు. రోజుకు 10,000 అడుగులు నడిచే మనిషి కృత్రిమ కాలిపై వేసేవి 5,000. ఆ లెక్కన 30 లక్షలు 600 రోజుల్లో పూర్తవుతాయి! అంటే 601వ రోజున విరిగిపోతుందని కాదు, అది దాటి తీరాల్సిన కనీస పరీక్ష. కానీ మీలా తిరిగేవాళ్లు అంత పనిని రెండేళ్లలోపే చేయించేస్తారు. అందుకే మీ మోకాలు రెండేళ్లకే అరగడం నాకు వింతగా అనిపించలేదు.

అదే ప్రమాణంలో బరువు స్థాయిలూ ఉన్నాయి. పీ4 అంటే 80 కిలోలు, పీ5 అంటే 100, పీ6 అంటే 125. మీరు 92 కిలోలు కాబట్టి పీ5 సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కొండెక్కేటప్పుడు వీపు మీద 10 కిలోల బ్యాగుంటే మీరు 102 కిలోల మనిషి. 125 కిలోల స్థాయి, లేదా అంతకన్నా ఎక్కువ అడగండి. కొన్ని కంపెనీలు వాడకం తీవ్రత పెరిగేకొద్దీ బరువు పరిమితిని తగ్గిస్తాయి, మీ వాడకానికి ఎంత రాశారో మాన్యువల్లో చూడండి. మోకాలు ఒక్కటే గట్టిదైనా లాభం లేదు, పాదం, మధ్య గొట్టం, అడాప్టర్లలో దేని పరిమితి తక్కువో మొత్తం కాలి పరిమితి అదే.

మెకానికలా, మైక్రోప్రాసెసరా? ముందు మెట్ల సంగతి చూడాలి. మామూలు నాలుగు కడ్డీల మోకాలు నిలబడినప్పుడు భద్రంగానే ఉంటుంది కానీ, బరువు మోపుతూ నెమ్మదిగా వంగదు. మీరు ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెడుతున్నారనుకుంటాను. ఒక్కో మెట్టుకు ఒక్కో పాదం చొప్పున దిగాలంటే, బరువు పడ్డప్పుడు నూనె ఒత్తిడితో ఆపుతూ వంగే హైడ్రాలిక్ మోకాలు కావాలి. మెకానికల్‌లో ఓసూర్ మౌక్ నీ, ఆటోబాక్ 3ఆర్80 ఈ కోవలోవి. ఛార్జింగ్ అక్కర్లేదు, పాడయ్యే ఎలక్ట్రానిక్స్ ఉండవు.

మైక్రోప్రాసెసర్ మోకాలిలో కూడా చాలావరకు హైడ్రాలిక్కే ఉంటుంది, దాని బిగువును చిప్ మారుస్తుంటుంది. 1997లో వచ్చిన ఆటోబాక్ వారి తొలి సీ-లెగ్ మోకాలు సెకనుకు 50 సార్లు కాలి స్థితిని చూసుకునేది. బొటనవేలు రాయికి తగిలి తూలినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మోకాలు చటుక్కున వంగిపోకుండా బిగుసుకుని, నిలదొక్కుకునే అవకాశమిస్తుంది. దీన్ని నేను మన్నికతోనే కలిపి చూస్తాను. పడితే మోకాలికే కాదు, రెండో కాలికీ మణికట్టుకీ దెబ్బే. కాకపోతే పొడవాటి దిగుడులో నూనె వేడెక్కుతుంది. కొన్ని మోడళ్లు అప్పుడు వైబ్రేషన్‌తో హెచ్చరించి, బిగువు పెంచేస్తాయి. కొండ దిగేటప్పుడు మధ్యలో ఆగాలన్నమాట.

నీళ్ల విషయంలో అక్షరం అక్షరం చదవండి. నీటి రక్షణ స్థాయి ఐపీ67 అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట వరకు. సముద్రపు నీటికీ, క్లోరిన్ కలిసిన ఈతకొలను నీటికీ అది హామీ కాదు, వాటికి జెనియం ఎక్స్3 లాంటి ప్రత్యేక మోడళ్లు ఉన్నాయి. చెమట, బురద పడితే తయారీదారు ఒప్పుకున్న మేరకు మంచినీటితో శుభ్రం చేసి మెత్తని బట్టతో తుడవండి. కీచుమంటోందని కీళ్ల మీద టాల్కం పౌడర్ చల్లే అలవాటుంటే ఈరోజే మానేయండి, అది గ్రీజును పీల్చేసి అరుగుదలను పెంచుతుంది.

నా మాట అడిగితే, మీకు మైక్రోప్రాసెసర్‌దే తీసుకోమంటాను. కారణం రోజూ దిగే ఆ మెట్లు. అయితే రెండు షరతులు. సర్వీస్ సెంటర్ మీకు అందుబాటులో ఉండాలి. సర్వీస్‌కు ఇచ్చినన్నాళ్లూ బదులు మోకాలు ఇస్తామని కాగితం మీద రాసివ్వాలి. ఇందులో ఏది కుదరకపోయినా హైడ్రాలిక్ మెకానికల్‌కే వెళ్లండి. రోజుల తరబడి ఛార్జింగ్ దొరకని చోట తిరిగేవారికీ అదే నయం. ఏదైనా సరే, కొన్నాళ్లు మీ సాకెట్‌కే బిగించి, మీ మెట్ల మీదే ట్రయల్ చేయకుండా డబ్బు కట్టొద్దు. పాతదాన్ని పారేయకండి, బుష్‌లు మార్పించి స్పేర్‌గా ఉంచుకోండి. పరుగు మొదలుపెట్టే ఆలోచనుంటే ముందే చెప్పండి. దానికి ఆటోబాక్ 3ఎస్80, ఓసూర్ చీతా నీ లాంటి విడి మోకాళ్లున్నాయి. నడకకు చేసిన దానితో పరుగెత్తితే త్వరగా పాడవుతుంది.

ప్రశ్న: ఫోన్ యాప్‌తో నడిచే మోకాలంటున్నారు. ఫోన్ ఆగిపోతే దారిలో ఇరుక్కుపోతానేమోనని టెన్షన్.

జవాబు: అలా జరగదు. కంట్రోల్ అంతా మోకాలి లోపలే ఉంటుంది. యాప్ సైక్లింగ్ లాంటి మోడ్‌లకు మారడానికీ, బ్యాటరీ చూసుకోవడానికే. బెంగ పెట్టుకోవాల్సింది మోకాలి బ్యాటరీ గురించి. అది అయిపోతే మోకాలు సేఫ్టీ మోడ్‌లోకి వెళ్తుంది, బిగువు ఒకేచోట నిలిచిపోతుంది. ఏ మోడల్‌లో ఎంత బిగుసుకుంటుందో వేరువేరుగా ఉంటుంది కాబట్టి, ప్రోస్థెటిస్ట్ పక్కనుండగా ఆ మోడ్‌లో ఓసారి నడిచి, మెట్లు దిగి చూడండి.

ప్రశ్న: ఒకరు వాడిన హైడ్రాలిక్ మోకాలు తక్కువకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: సీరియల్ నంబరుతో కంపెనీని అడిగి తయారీ తేదీ, సర్వీస్ చరిత్ర తెలుసుకోండి. వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో అప్పుడే తేలుతుంది. సిలిండర్ చుట్టూ నూనె తడి ఉంటే వద్దనండి. వంచి చాచినప్పుడు మధ్యలో పట్టు జారినట్టుంటే లోపల గాలి చేరి ఉండొచ్చు. అడ్డంగా పడుకోబెట్టి దాచినవాటిలో ఇలా అవుతుంది, నిలబెట్టి కొన్నిసార్లు ఆడిస్తే పోతుంది. పోకపోతే లీకేజీ ఉందేమో అనుమానించాలి. అన్నీ బాగున్నా దాని సెట్టింగులు మరొకరి బరువుకీ నడకకీ చేసినవి. ప్రోస్థెటిస్ట్ మీకు సరిచేసేదాకా దాని మీద ఒక్క అడుగు కూడా వేయకండి.