నిద్ర కోసం పడే పాట్లే నిద్రకు అడ్డు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది రాజమహేంద్రవరం. మా అమ్మాయి ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్లిన నాటి నుంచి, అంటే రెండేళ్లుగా, నాకు నిద్ర కరవైంది. ఇప్పుడు తనకు ఉద్యోగం వచ్చింది, దిగులేమీ లేదు. అయినా ఎనిమిదిన్నరకే పక్క ఎక్కినా పన్నెండు దాటితే గాని కన్నంటుకోదు. నాలుగింటికల్లా ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తుంది. మధ్యాహ్నం గంటసేపు కునుకు తీస్తాను. మావారికి ఎప్పుడో రాసిన ఆల్ప్రజోలం మాత్రలో సగం వారానికి రెండు మూడుసార్లు వేసుకుంటున్నాను. దిగులే లేనప్పుడు నిద్ర ఎందుకు రాదు?

జవాబు: నిద్రలేమి మొదలవడానికి ఒక కారణం ఉంటే, అది కొనసాగడానికి చాలాసార్లు వేరే కారణం ఉంటుంది. అమ్మాయి దూరమైందన్న బెంగ మీ నిద్రను చెడగొట్టిన మాట నిజమే గానీ, బెంగ తీరేలోపు, పోయిన నిద్రను ఎలాగైనా రాబట్టుకోవాలని మీరు చేసుకున్న ఏర్పాట్లు అలవాట్లుగా స్థిరపడిపోయాయి. వారంలో కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలా సాగితే వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. మీది ఆ గీత ఎప్పుడో దాటింది.

ఒకసారి లెక్క చూడండి. ఎనిమిదిన్నర నుంచి నాలుగింటి వరకు మీరు పక్క మీద ఉండేది ఏడున్నర గంటలు, నిద్రపోయేది మహా అయితే నాలుగు గంటలు. మిగిలిన మూడున్నర గంటలూ దొర్లడం, గడియారం చూడడం, దిండు కింది ఫోను తీసి అమ్మాయి ‘లాస్ట్ సీన్’ ఎప్పుడో చూసుకోవడం (ఇది మీరు రాయలేదు, కానీ బిడ్డలు విదేశాల్లో ఉన్న తల్లులు చాలామంది నాతో చెప్పిన సంగతే). రాత్రి ఒంటిగంటన్నరకు ఆ పిల్ల ఆఫీసులో పనిలో ఉంటుంది, మీరేమో ఇక్కడ చీకట్లో ఆమెకు కాపలా కాస్తుంటారు. ఇన్నాళ్లు ఇలా గడిచేసరికి, పక్క అంటే మేలుకొని ఉండే చోటని మీ శరీరం నేర్చుకుంది. పైగా మధ్యాహ్నపు కునుకు రాత్రికి కూడవలసిన నిద్రమత్తును ముందే ఖర్చు చేసేస్తుంది. సాయంత్రం టీ అలవాటు ఉంటే అదీ మానండి. తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ సగం వరకు ఒంట్లోనే ఉండవచ్చు.

అయితే చెమటలను అలవాట్ల ఖాతాలో వేయలేము. మీ వయసులో నెలసరి ఆగే దశలో వచ్చే వేడి ఆవిర్లు అందుకు కారణం కావచ్చు, థైరాయిడ్ ఎక్కువైనా అలాగే ఉంటుంది. స్త్రీ వైద్య నిపుణురాలిని కలిసి థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. గురక గట్టిగా ఉన్నా, తెల్లవారుజామున మెలకువతో పాటు దేని మీదా ఆసక్తి లేకపోతున్నా ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి.

మాత్ర విషయంలో మాత్రం కాస్త కటువుగానే చెబుతాను. ఒకరికి రాసిన ఆల్ప్రజోలం మరొకరు వాడడం ప్రమాదం. అలవాటు పడితే మాత్ర లేనిదే నిద్ర రాదన్న స్థితి వస్తుంది, అకస్మాత్తుగా మానినా ఇబ్బందే. అందుకే ఎంత కాలంగా వాడుతున్నారో వైద్యుడికి దాచకుండా చెప్పి, ఆయన సలహా ప్రకారం మానేయండి.

దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రల కంటే ముందుగా వైద్యులు సూచించేది అలవాట్లను, ఆలోచనలను సరిచేసే చికిత్స. ఫిట్స్ గానీ బైపోలార్ సమస్య (కొన్నాళ్లు మితిమీరిన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన కుంగుబాటు ఉండే మానసిక జబ్బు) గానీ లేకపోతే, దానిలోని ఒక పద్ధతిని మీరు ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. రాత్రి పదకొండున్నరకు ముందు పక్క ఎక్కవద్దు, ఎంత తక్కువ నిద్రపోయినా ఉదయం ఐదింటికి లేచిపోండి, పగటి కునుకు పూర్తిగా మానండి. ఎంతసేపటికీ నిద్ర రాకపోతే లేచి ముందు గదిలో కూర్చుని మత్తుగా అనిపించినప్పుడే తిరిగి వెళ్లండి. ఫోను కూడా ఆ గదిలోనే ఉండాలి. పక్క మీద గడిపే సమయంలో ఎక్కువ భాగం నిద్రగా మారాక, వారానికి పావుగంట చొప్పున ముందుగా పడుకోవచ్చు. మొదటి పది రోజులు పగలు కళ్లు మూతలు పడతాయి కాబట్టి, ఆ రోజుల్లో స్కూటీ నడపకండి.